వేమూరు దాటాక ఒక కూత

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే పాసింజరు వేమూరు దాటి కొంతదూరం వచ్చాక పొడుగ్గా ఒక కూత వేసేది. అక్కడ స్టేషను లేదు, గేటు లేదు, మలుపు కూడా లేదు. రెండువైపులా వరిచేలు, మధ్యలో లైను, లైను మీద నేను. ఆ కూత నాకోసమేనని నా నమ్మకం. డ్రైవర్లు నాకు పెట్టే నమస్కారం అది. నేను లైను దిగి పక్కన నిలబడి, సుత్తి ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచెయ్యి పైకెత్తేవాణ్ణి. ఇంజను కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి ఊగేది. మా వీధిలో, టీకొట్టు దగ్గర, చుట్టాలిళ్లలో ఈ సంగతి నేను చెప్పనివాళ్లు లేరు. “కలెక్టరు నిలబడ్డా డ్రైవరు కూత వెయ్యడు, నాకేస్తాడు” అనేవాణ్ణి. మొదట్లో ఆ కూత లేదు. నేను ఆ లైను మీదికొచ్చి ఏడెనిమిదేళ్లు గడిచాక మొదలైంది. పనిమంతుణ్ణని పేరు వచ్చాక దానంతటదే వచ్చిన మర్యాద అనుకున్నాను.

నేను కీమాన్‌ని. రైలుపట్టాని దాని కింద అడ్డంగా వేసే స్లీపరుకి కదలకుండా పట్టి ఉంచే చిన్న ఇనపముక్కని కీ అంటారు. బండి అదురుకి అది వదులై బయటికి జారుతుంది. నా వాటాకొచ్చిన ఆరు కిలోమీటర్ల లైను పొడుగునా నడిచి, వదులైన కీని సుత్తితో కొట్టి బిగించాలి. రెండు పట్టాలు కలిసేచోట బోల్టులు పానాతో తిప్పి చూడాలి. ఎక్కడైనా పట్టా పగిలితే బండి రాకముందే కనిపెట్టాలి. వెళ్లేటప్పుడు ఒక పట్టా, తిరిగొచ్చేటప్పుడు రెండో పట్టా. ఎండకీ వానకీ తేడా లేదు. వారానికొక్కరోజు సెలవు, ఆ రోజు లైను బాగుచేసే మా గ్యాంగులో ఇంకొకరు నడిచేవారు. వాళ్లు నడిచిన మర్నాడు నేను రెట్టింపు జాగ్రత్తగా చూసేవాణ్ణి. వాళ్ల మీద నమ్మకం లేక కాదు, నా మీద ఎక్కువై.

ఈమధ్య రైలునీ సైకిలునీ గాలి పాడుచెయ్యని ప్రయాణాలని గొప్పగా చెబుతున్నారు. చెప్పనివ్వండి, సంతోషమే. అయితే ఆ రైలు కింద కంకర మీద వట్టి కాళ్ల సత్తువతో నడిచిన మనుషులున్నారని కూడా ఎవరో ఒకరు చెప్పాలి. భుజానికి తోలుసంచి, అందులో పానా, నాలుగు బోల్టులు, కొన్ని కీలు, ప్రమాదం వస్తే బండి ఆపడానికి పట్టా మీద పెట్టే టపాకాయల డబ్బా. చేతిలో సుత్తి, చంకలో రెండు జెండాలు, రెండో భుజాన నీళ్ల క్యాను. వేసవిలో పట్టా మీద చెయ్యి పెడితే బొబ్బ లేచేది. నీడకి ఆగుదామంటే లైను పొడుగునా చెప్పుకోడానికి మూడు తుమ్మచెట్లు. వానాకాలం మా నల్లమట్టి కట్ట మెత్తబడి, బండి వెళ్తుంటే స్లీపర్ల కిందనుంచి బురద ఎగజిమ్మేది. పెట్టెల్లో మరుగుదొడ్లు పట్టాల మీదికే తెరిచి ఉండేవి. ఆ సంగతి వివరంగా చెప్పను. దాని పక్కనే వంగి బోల్టు బిగించేది మాత్రం మేమే. నూతి దగ్గర స్నానం చెయ్యందే మా ఆవిడ నన్ను గడప తొక్కనిచ్చేది కాదు.

ఇక బూట్లు. మాకిచ్చే బూట్లు ఎవరి పాదం కొలత తీసి కుట్టారో తెలీదు కానీ నాది మాత్రం కాదు. ముందువైపు బొటనవేలు ఇమిడేది కాదు, మడమ దగ్గర ఇంకొకరు కూడా దూరొచ్చు. ఊరుకునే రకం కాను నేను. ఒకరోజు లైను చూడ్డానికి ఇనస్పెక్టరుగారు తోపుడు ట్రాలీ మీద వస్తుంటే ఆపాను. బూటు విప్పి ఆయన కాళ్ల దగ్గర పెట్టాను.

“సార్, ఇది తొడుక్కుని వచ్చే గేటుదాకా నడవండి. నడిస్తే నేనిక అడగను” అన్నాను.

ట్రాలీ తోసేవాళ్లిద్దరూ మొహాలు పక్కకి తిప్పుకున్నారు. ఆయన బూటు వంకా నా వంకా చూసి, “పై ఏడాది చూద్దాం లేవయ్యా” అన్నారు. పై ఏడాదీ అవే బూట్లు వచ్చాయి. నేను టైరు చెప్పులతోనే నడిచాను.

ఇంత చెప్పినా, ఆ పని నాకు ఇష్టం. మాది పిట్టలవానిపాలెం దగ్గర పల్లెటూరు. కూలిపనికి పోయే ఇంట్లోంచి గ్యాంగులోకొచ్చాను. మొదట బాపట్ల దగ్గర మెయిన్ లైను మీద పట్టాలెత్తాను, కంకర దిమ్మిస చేశాను. మెయిళ్లు దూసుకుపోయే లైను అది. బండి కనపడేలోపే చెవితో పట్టుకోవాలి. అక్కడే నా చెవికి పేరొచ్చింది. మద్రాసు వైపునుంచి వచ్చేది గూడ్సో మెయిలో అందరికంటే ముందు నేనే చెప్పేవాణ్ణి. ఆ పేరుతోనే రేపల్లె లైనుకి కీమాన్‌గా వేశారు. బిగువుగా ఉన్న కీని కొడితే ఖణ్‌మంటుంది. వదులుదైతే దడ్‌మని ఊరుకుంటుంది. నేను వంగి చూసేవాణ్ణి కాదు. నడుస్తూనే ఒక్క దెబ్బ, చెవికి తెలిసిపోయేది.

కీమాన్‌కి చెవే జీవనాధారం. ఒంటరిగా, లైను మీద, తల దించుకుని నడుస్తాడు. వెనకనుంచి వచ్చే బండి వినపడకపోతే ఇంటికి రాడు. అందుకే మూడేళ్లకోసారి కళ్లకీ చెవులకీ పరీక్ష. తప్పితే లైను మీదనుంచి దింపేస్తారు. కీమాన్ అన్న పిలుపు పోతుంది, ఎక్కడో మూల కూర్చోబెట్టి ఏదో ఒక పని ఇస్తారు.

నా కుడిచెవి మొరాయించడం ఎప్పుడు మొదలుపెట్టిందో నాకు తెలీదు. కీ చప్పుడులో ఖణ్‌మనే ధ్వని తగ్గిందని ఒక ఏడాది అనిపించింది. కీలు పాతబడ్డాయనుకున్నాను. తర్వాత సుత్తి బాగాలేదనుకుని పిడి మార్పించాను. మనిషి తనని తప్ప అన్నిటినీ అనుమానిస్తాడు. కొత్త పిడి వల్ల ఒక మేలు జరిగింది. కీ వదులుగా ఉంటే ఆ పిడి అరచేతిలో ఒకలాగా అదిరేది, బిగువుగా ఉంటే ఇంకోలాగా. మెల్లగా నేను చెవితో వినడం మానేసి చేత్తో తెలుసుకోవడం మొదలుపెట్టాను. పని ఎక్కడా తగ్గలేదు. ఆ మాట ఇవాళ కూడా ఎవరి ముందైనా చెబుతాను.

కానీ వెనకనుంచి వచ్చే బండిని అరచెయ్యి చెప్పదు. పాత బొగ్గింజను ఆమడదూరం నుంచే పొగతో, రొదతో చెప్పేసేది. దాని స్థానంలో డీజిలింజన్లు వచ్చాయి. అయినా నాకు భయం వెయ్యలేదు. మా లైను మీద తిరిగేవి నాలుగు బండ్లు, వాటి వేళలు నాకు కంఠతా వచ్చు. పైగా వేమూరు దాటగానే ఆ పొడుగాటి కూత. అది మాత్రం ఎడమచెవికి బాగానే వినిపించేది. నేను చెయ్యెత్తేవాణ్ణి, బండి వెళ్లిపోయేది, నేను మళ్లీ నడిచేవాణ్ణి.

అవి నాట్ల రోజులు. పొద్దుటి బండి వెళ్లిపోయింది, మళ్లీ మధ్యాహ్నందాకా ఏమీ లేదు. భట్టిప్రోలు వైపు మొహం పెట్టి రెండు పట్టాల మధ్య నడుస్తున్నాను. ఎదురుగాలి గట్టిగా ఉంది. లైను పక్క చేలో పదిమంది ఆడవాళ్లు వంగి నాట్లు వేస్తున్నారు. రోజూ చూసే మొహాలే. దాటుతూ ఏదో పరాచికం ఆడాను, వాళ్లూ ఏదో అన్నారు, ముందుకెళ్లాను. ఒక కీ మొండికేసింది. ఆగి రెండుమూడు దెబ్బలు వేశాను.

వీపు మీద తడిగా ఏదో వచ్చి పడింది. చూస్తే నారుకట్ట. ఇంకొకటి నా తల పక్కనుంచి పోయి పట్టా మీద పడింది. చొక్కా అంతా బురద. పరాచికానికి కూడా ఒక హద్దుండాలి కదా, నాకు ఒళ్లు మండింది. నాలుగు మాటలు అందామని వెనక్కి తిరిగాను.

ఇంజను నా మీదికొచ్చేస్తోంది. వెనక పెట్టెలు లేవు, ఒంటి ఇంజను. నా కాళ్లకి ఎవరు చెప్పారో తెలీదు, కట్ట దిగువన బురదలో పడున్నాను. ఇంజను నన్ను దాటుకుని వెళ్లి దూరంగా ఆగింది.

డ్రైవరు దిగి వెనక్కి నడిచొచ్చాడు. మా లైను మనిషి కాదు, ఎప్పుడూ చూడలేదు. భారీ మనిషి. తిడతాడనుకుని మాటలు సిద్ధం చేసుకున్నాను. అతను తిట్టలేదు. కట్ట మీద కూలబడి, “నీళ్లున్నాయా?” అన్నాడు. క్యాను అందిస్తే మూత తియ్యలేకపోయాడు, చేతులు అంతగా వణుకుతున్నాయి. నేనే తీసి ఇచ్చాను. క్యాను మొత్తం తాగేశాడు.

“రేపల్లెలో బండికి ఇంజను చెడిపోయిందంటే దీన్ని తీసుకెళ్తున్నాను. గేటు దగ్గర్నుంచీ కూత వేస్తూనే ఉన్నానయ్యా. ఎలాగూ తప్పుకుంటావులే అనుకున్నాను. నీకు వినపడలేదా?”

“గాలి ఎదురుగా ఉందండి. సుత్తి చప్పుడొకటి” అన్నాను.

అతను నా మొహంలోకి కాసేపు చూశాడు. లేచి ఇంజను వైపు వెళ్లిపోయాడు. తర్వాత కూడా నా మీద ఎవరికీ రిపోర్టు రాయలేదు. ఆ వణికే చేతులు నాకిప్పటికీ గుర్తే. నేను చస్తే నా పని అక్కడితో అయిపోయేది. అతను మాత్రం బతికినన్నాళ్లూ నన్ను మోసేవాడు.

నాట్లు వేసేవాళ్లు గట్టు దగ్గరికొచ్చారు. “ఏంటి మావయ్యా, పిలిచి పిలిచి మా గొంతులు పోయాయి. రెండు కట్టల నారు పాడయింది, రైతుకేం చెప్పాలి?” అంది ఒకామె.

“నేను చెబుతాలే” అన్నాను గట్టిగా, ఏమీ జరగనట్టు.

అందరిలోకీ పెద్దావిడ నవ్వలేదు. “చెవి చూపించుకో తమ్ముడూ” అంది. నేను విననట్టు సుత్తి తీసుకుని నడిచాను. ఆమె మాట మాత్రం స్పష్టంగా విన్నాను.

ఇంటికెళ్లి చేతిగడియారం విప్పి కుడిచెవికి ఆనించాను. ఏమీ లేదు. ఎడమచెవికి పెడితే, ఎక్కడో పక్కింట్లో నడుస్తున్నట్టు వినిపించింది. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తోంది.

“రెండేళ్లనుంచి మీ ఎడమపక్కనే కూర్చుంటున్నాను. మీరు చూసుకోలేదా?” అంది.

నాకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది. ఎవరి మీదో తెలీక అన్నం తినకుండా లేచాను.

పరీక్ష ఇంకా ఏడాదికి గానీ లేదు. నోరు మూసుకుని నడిస్తే ఎవరికీ తెలీదు. మూడు రోజులు అలాగే నడిచాను. పది అడుగులకోసారి వెనక్కి తిరిగి చూడడం, మళ్లీ నడవడం. మెడ పట్టేసింది. మూడోరోజు తిరుగుదారిలో, ఒక జాయింటు పక్కన వరసగా రెండు కీలు సగం బయటికి జారి కనపడ్డాయి. అది పొద్దున్న వెళ్తూ నేను చూడాల్సిన పట్టా. వెనక్కి చూస్తూ వాటిని దాటేశాను. ఇన్నేళ్లలో అలాంటి తప్పు నేనెరగను. వాటిని బిగించి అక్కడే పట్టా మీద కూర్చున్నాను. వెనక్కి చూస్తూ నడిచేవాడు కీ చూడలేడు, కీ చూస్తూ నడిస్తే నేను బతకను. నా ప్రాణం ఒక్కటే అయితే మొండిగా ఇంకో ఏడాది లాక్కొచ్చేవాణ్ణే. బండిలో తెనాలి కాలేజీకెళ్లే పిల్లలుంటారు, పాల బిందెలవాళ్లుంటారు.

మర్నాడు మధ్యాహ్నం తూము దగ్గరికెళ్లాను. మా గ్యాంగు అక్కడ అన్నాలకి కూర్చుంది. గ్యాంగుకి పెద్ద మా మేస్త్రి. భట్టిప్రోలు మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. పక్కకొచ్చి కూర్చున్నాను.

“మేస్త్రిగారూ, నన్ను చెవుల పరీక్షకి పంపించండి.”

“ఇంకా ఏడాది ఉందిగా.”

“ఇప్పుడే పంపండి. కుడిచెవి పూర్తిగా పోయింది. ఎడమది సగం.”

“తెలుసులే” అన్నాడు, టిఫిన్ క్యారేజీలో అన్నం కలుపుతూనే.

“ఏం తెలుసు?”

“రెండేళ్ల కిందట, నీ పోయిన పరీక్ష అయిన కొన్నాళ్లకి, ఇదే తూము దగ్గర నీ వెనక నిలబడి మూడుసార్లు పిలిచాను. నువ్వు పలకలేదు. ఆ వారమే రేపల్లె వెళ్లి, డ్రైవర్లు దిగే గదిలో అందరికీ చెప్పొచ్చాను. వేమూరు దాటాక మావాడుంటాడు, కనపడినా కనపడకపోయినా పొడుగ్గా ఒక కూత వెయ్యండి, చెయ్యెత్తితే విన్నట్టు, ఎత్తకపోతే బండి నెమ్మది చెయ్యండి అని.”

 కలెక్టరుకి కూడా వెయ్యని కూత. నేను చుట్టాలందరికీ చెప్పుకున్న కూత. దర్జాగా సుత్తి చెయ్యి మార్చి నేనెత్తిన కుడిచెయ్యి, ‘వినపడింది బాబూ, బతికున్నాను, పొండి’ అని వాళ్లకి నేనిచ్చిన హామీ. చెవుల వెనక వేడెక్కిపోయింది.

“ఎవరడిగారు మిమ్మల్ని?” అన్నాను. గ్యాంగంతా తలెత్తి చూసింది. “నా ముందు చెప్పొచ్చుగా?”

“చెబితే ఒప్పుకునేవాడివా? బూటు విప్పి నా ఒళ్లో పెట్టేవాడివి.” ఎవరో కిసుక్కున నవ్వారు. మేస్త్రి నవ్వలేదు. “వారానికోసారి నీ వెనకాల లైనంతా నేనూ నడిచాను. ఒక్క కీ వదులుగా దొరికితే ఆ రోజే దింపేద్దామనుకున్నాను. రెండేళ్లలో ఒక్కటి దొరకలేదు. చెవి లేకపోయినా పని తెలిసినవాడు, ఎలా దింపను?”

“ఒంటి ఇంజను డ్రైవరుకి ఎవరు చెబుతారు మేస్త్రిగారూ?”

అప్పుడు ఆయన చెయ్యి ఆగింది. “నారు రైతు నిన్న చెప్పాడు. అదే నా తప్పు. మన లైను డ్రైవర్లకే చెప్పాను. బయటివాడు రాడనుకున్నాను” అన్నాడు. ఇంతసేపూ కలపడమే గానీ ఆయన ఒక్క ముద్ద కూడా నోట్లో పెట్టలేదని అప్పుడు చూశాను. నాకేమైనా అయితే ముందు ఆయన ఉద్యోగమే పోయేది. రెండేళ్లు ఆ బరువు మోస్తూ నాతో ఒక్క మాట అనలేదు. నా కోపం ఎటుపోయిందో తెలీదు. “తినండి అన్నా” అన్నాను. ఆయన్ని మేస్త్రిగారు అని కాకుండా పిలవడం అదే మొదటిసారి.

పరీక్షలో డాక్టరుగారు నా వెనక నిలబడి మాటలు చెప్పారట, నేను తిరిగి చెప్పాలట. ఆయన మొదలుపెట్టింది కూడా నాకు తెలీలేదు. నన్ను తెనాలిలో పనిముట్ల గదికి వేశారు. సుత్తి, జెండాలు అప్పగించేటప్పుడు సుత్తి పిడి మాత్రం నాదని ఊడదీసుకున్నాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, నా మొహం చూసి ఉంటారు.

మొదటి నెలలు తెనాలిలో నేను మనిషిని కాను. స్టూలు మీద కూర్చుని కీలు, బోల్టులు వేరుచెయ్యడం, వచ్చినవాళ్ల మీద విసుక్కోవడం. తర్వాత ఒకరోజు బూట్ల పెట్టెలు వచ్చాయి. పంచే పని నాది. గ్యాంగువాళ్లు వరసలో నిలబడ్డారు. నేను ఒక్కొక్కరినీ సిమెంటు గచ్చు మీద నిలబెట్టి, పాదం చుట్టూ సుద్దముక్కతో గీసి, కొలత కాగితం మీద రాశాను. సరిపోని పెట్టెలు ఆ కాగితంతో సహా వెనక్కి పంపించాను. పైవాళ్లు మండిపడ్డారు. రెండోసారీ పంపించాను. మూడోసారి కొలత ప్రకారం వచ్చాయి. ఆ మాత్రం పని చెవులు లేకపోయినా చెయ్యొచ్చని అప్పుడర్థమైంది.

ఒక ఏడాది గడిచాక మా ఆవిడ చెల్లెలి గృహప్రవేశానికి ఇద్దరం రేపల్లె బయల్దేరాం. ఆ లైను మీద టిక్కెట్టు కొనుక్కుని కూర్చోవడం నాకు కొత్త. కుడివైపు కిటికీ పక్కన నేను, నా ఎడమపక్కన ఆవిడ. వేమూరు దాటింది. మొదటి తుమ్మచెట్టు వచ్చింది. నాట్లు వేసిన చేలు పచ్చగా ఉన్నాయి. నేను కిటికీ ఊచలు పట్టుకుని కదలకుండా కూర్చున్నాను. రెండో తుమ్మచెట్టు కూడా దాటింది.

“కూత వేశాడా?” అన్నాను.

“లేదండి.”

“సరిగ్గా విన్నావా?”

“వెయ్యలేదండి. వేస్తే చెప్పనా?”

వెయ్యలేదు. వెయ్యనవసరం లేదు, లైను మీద ఉన్న మనిషికి చెవులు బాగా పనిచేస్తాయి. అంటే ఆ చోట రెండేళ్లు వేసిన ప్రతి కూతా నాదే. స్టేషనుకి కాదు, గేటుకి కాదు, ఇంకే కీమాన్‌కీ కాదు. నేను ఊరంతా చెప్పుకున్న మాటలో అబద్ధమేమీ లేదు. ఆ డ్రైవర్లలో సగంమంది మొహాలు కూడా నేను దగ్గర్నుంచి చూడలేదు, అయినా అన్నాళ్లూ మర్చిపోకుండా వేశారు. ఊచలు వదిలి చేత్తో మొహం తుడుచుకున్నాను.

“ఏంటండీ?” అంది మా ఆవిడ.

“ఏం లేదు” అని కుడిచెయ్యి కిటికీ బయటపెట్టి, ముందున్న ఇంజను వైపు పైకెత్తాను. లైను పక్కన తప్పుకుని నిలబడిన కొత్త కీమాన్ అది తనకే అనుకున్నాడు. సుత్తి ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచెయ్యి ఎత్తాడు.